గుప్పెడు తవుడు

బర్మాలోని రంగం నుంచి కవరు శుక్రవారం పదకొండు గంటలకి వచ్చింది. అప్పుడు నేను వంటింటి గడప మీద కూర్చుని చూరు నీళ్ళు ఇత్తడి బిందెలో పడుతుంటే వింటున్నాను. బిందె ఖాళీగా ఉన్నప్పుడు ఒక స్వరం, సగం నిండాక ఇంకో స్వరం. పెళ్ళయి మూడు నెలలైంది. ఇది నా బిందె అనుకుంటే నాకింకా నవ్వు ఆగదు. పోస్టుమాన్ బాపిరాజుగారు గొడుగు కింద నుంచే "అమ్మాయిగారూ, ఓడ దిగి వచ్చిందండి మీ ఉత్తరం!" అని కేకేశారు. తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ పరుగెత్తాను.

కిందటి వారం సంచికలో మీరు మమ్మల్ని వదిలి వెళ్ళినప్పుడు ఈ కవరు కోసమే మేం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాం. మావారు యోబుగారు ఏలూరు మిషను బడిలో టెంపరరీ టీచరు. సహకార సంఘాల ఇన్‌స్పెక్టరుగా ఎంపికయ్యారు గాని, జూలై ఒకటో తేదీకి పాతికేళ్ళు నిండకూడదని రూలు. బడి రిజిష్టరు ప్రకారం ఆయనకి ఇరవై ఆరు. ఆ లెక్క ఎలా వచ్చిందంటే, చేర్చుకున్న రోజున పంతులుగారు నోరు తెరిపించి పళ్ళు చూసి వేశారు! నిజానికి ఆయన పుట్టింది 1911 ఆగస్టులో, బర్మాలో, మన మద్రాసు పటాలం ఒకటి విడిది చేసిన లైన్లలో, అంటే సిపాయిల గదుల వరసల్లో. తండ్రి నాయక్ ఎలీయాజరు. తల్లి రత్నం. ఇద్దరూ అక్కడే జ్వరాలతో పోతే, పక్క గదిలో ఉండే సిపాయి భార్య హన్నమ్మగారు ఆ పసివాణ్ణి ఓడలో తీసుకొచ్చి కొల్లేటి లంకలో పెంచింది. ఇదీ మాకు తెలిసిన కథ. జనన రికార్డు కోసం నాలుగు ఉత్తరాలు రాశాం. నాలుగింటికీ "కనబడలేదు" అనే జవాబు. ఐదోసారి అన్ని రిజిష్టర్లూ వెతకమని రాశాం, ఈ కవరు దానికి జవాబు. మంగళవారం సాయంత్రం ఐదు గంటల్లోగా కాగితం కలెక్టరాఫీసులో ఇవ్వకపోతే ఆ ఉద్యోగం వెనకాల ఉన్నవాడికి పోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాను, మీకు గుర్తుందో లేదో. మా పెళ్ళి రోజున మిషను గుడి గేటు బయట ఒకావిడ నిలబడి ఉంది. తెల్ల చీర, జుట్టు నిండా బూడిదరంగు దుమ్ము. నేను జట్కా ఎక్కబోతుంటే దగ్గరికొచ్చి చిన్న పట్టుగుడ్డ మూట నా చేతిలో పెట్టి, "మీ అత్తగారి చేతికియ్యి తల్లీ" అంది. "నాకు అత్తగారు లేరండీ" అన్నాను. "ఉందమ్మా" అని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి విప్పితే గుప్పెడు తవుడు! పిచ్చిదై ఉంటుందని అందరం నవ్వుకున్నాం. గుడ్డ మాత్రం ఎంత బాగుందో! చిలకాకుపచ్చ మీద పసుపు గీతలు. నా ఉత్తరాలన్నీ దాన్లోనే కట్టి దాచుకుంటున్నాను.

ఇక కవరు సంగతి. లోపల మూడు కాగితాలు. మొదటిదాని మీద టైపు అక్షరాలు: "యోబు, తండ్రి నాయక్ ఎలీయాజరు, తల్లి రత్నం. మీరు కోరిన పేరు మా రిజిష్టర్లలో దొరికినది. నకలు జతపరచడమైనది."

దొరికినది! ఆ ఒక్క మాట చాలదూ? కాగితం పట్టుకుని వానలోనే మేం అద్దెకున్న ఇంటావిడ జ్ఞానప్రసూనాంబగారి వాకిట్లోకి పరుగెత్తాను. ఆవిడ కోళ్ళు చెదిరిపోయాయి. "దొరికిందండీ పిన్నిగారూ! మావారు పుట్టారండీ!" అన్నాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుని, "పుట్టకుండానే చేసుకున్నావా ఏంటే నువ్వు!" అని నోట్లో బెల్లం ముక్క పెట్టింది. ఆ బెల్లం చప్పరిస్తూ, కాళ్ళు ఊపుకుంటూ అరుగు మీద కూర్చుని రెండో కాగితం విప్పాను.

దాని పైన ఏ రిజిష్టరు నకలో రాసి ఉంది. జననాల రిజిష్టరు కాదు. ఖననాల రిజిష్టరు.

"యోబు. నాయక్ ఎలీయాజరు, రత్నంల కుమారుడు. వయసు నాలుగు నెలలు. 1910 మార్చి 12న పూడ్చబడెను. వరుస మూడు, గుంట పదకొండు."

నోట్లో బెల్లం ఇంకా కరగలేదు. అంతా తియ్యగానే ఉంది. నేను మాత్రం ఆ లైను మీదే ఆగిపోయాను.

మూడో కాగితం 1911 జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ లైన్లలో పుట్టిన బిడ్డల జాబితా. గుమాస్తా ఎవరో ఓపికగా పేజీ మొత్తం ఎత్తి రాశాడు. ఏడుగురు బిడ్డలు. ఎలీయాజరు పేరు లేదు. ఐదో లైను దగ్గర నా వేలు ఆగింది. "ఆగస్టు 9. మగ శిశువు. తండ్రి సిపాయి విశ్వాసం. తల్లి హన్న."

విశ్వాసంగారంటే హన్నమ్మగారి భర్త. పోయి పదేళ్ళయింది. హన్నమ్మగారు నన్ను చూసిన మొదటి రోజునే నా గడ్డం పట్టుకుని, "నా కడుపున ఒక్క కాయా కాయలేదమ్మాయ్, అందుకే వీడి మీద అంత పిచ్చి" అంది. బిడ్డని కననే లేదన్న ఆవిడకి ఈ కాగితంలో కొడుకు పుట్టాడు. రోజూ నాకు ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిని ఇరవై ఆరేళ్ళ కిందట పూడ్చేశారు.

సాయంత్రం నాలుగున్నరకి వీధి మలుపులో సైకిల్ బెల్లు రెండుసార్లు మోగింది. రెండుసార్లు కొడితే నాకోసమని గుర్తు. రోజూ ఆ బెల్లు వినగానే అద్దంలో జడ సరిచూసుకుంటాను. ఆ రోజు కాగితాలు పట్టుగుడ్డలో మడిచి, బియ్యం డబ్బా వెనక పెట్టాను.

"ఏమైనా వచ్చిందా?" అన్నారు చక్రం బురద కడుక్కుంటూ.

"వాన వచ్చిందండీ" అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వితే ఆయన ముక్కు కుడివైపున చిన్న గుంట పడుతుంది. మిరియపు గింజంత మచ్చ. చిన్నప్పుడెప్పుడో కుట్టించి వదిలేసిన రంధ్రం పూడిపోయిన గుర్తు. "మగవాడికి ముక్కుపుడక ఏమిటండీ, నాది పెట్టనా?" అని ఎన్నిసార్లు ఏడిపించానో! ఆ రోజు ఏడిపించలేదు. పెసరట్టు వేసి పెట్టాను. తింటున్నంతసేపూ ఆయన మెడ దగ్గర నాడి కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాను. బతికే ఉన్నారు. చిన్న అల్లం ముక్క తగిలితే మొహం చిట్లించారు కూడా. అయినా నా చెవిలో ఎవరో వరుస మూడు, గుంట పదకొండు అని చదువుతూనే ఉన్నారు.

"రేపు శనివారం కదండీ, పెద్దమ్మగారిని చూసొద్దామా?" అన్నాను.

"ఇంత వానలోనా?"

"నాకు తామరపూలు కావాలండీ."

నేను ఏం అడిగినా కాదనరు. ఆ సంగతి తెలిసి అడగడం అప్పుడు మొదటిసారి బాధనిపించింది.

*

పెదపాడు దాకా జట్కా, అక్కణ్ణించి సూర్రావు దోనె. జూలై నీళ్ళు కొత్తగా వచ్చి కొల్లేరు ఎర్రగా ఉంది. నత్తగుల్లకొంగలు నాచులో ముక్కులు ముంచి, మాకు దారి ఇవ్వనా మాననా అన్నట్టు నిలబడ్డాయి. ఇంకో రోజైతే ప్రతి కొంగకీ ఒక పేరు పెట్టేదాన్ని. మావారు నాకోసం వంగి తామరపూలు తెంపుతూ ఉంటే దోనె ఒరిగింది. నేను ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"ఏంటమ్మా, మా మేష్టారు పారిపోతారనా?" అన్నాడు సూర్రావు గెడ వేస్తూ. "నీళ్ళల్లో పడ్డా మునగడు లెండి. చిన్నప్పుడు హన్నమ్మ నడుంకి తాడు కట్టి, ఆ కొస తన చేతికి కట్టుకుని తిప్పేది. లంకంతా నవ్వేవాళ్ళం. దూడని తిప్పినట్టు తిప్పుతున్నావేంటే అంటే, నాది కాదురా, పోతే జవాబు చెప్పుకోవాలి అనేది."

మావారు నవ్వుతూ నడుం తడుముకున్నారు. నాకు నవ్వు రాలేదు.

హన్నమ్మగారి పాక మెరక మీద ఉంటుంది. మమ్మల్ని చూడగానే కత్తిపీట ముందు నుంచి లేచింది. చేతులకి చేప పొలుసులు వెండి రేకుల్లా అంటుకున్నాయి. అరవై దాటినా మనిషి నిటారుగా ఉంటుంది. పటాలం లైన్లలో నేర్చుకుందట. ఇప్పటికీ మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ సమంగా లాగందే నిద్ర పట్టదట.

"కబురు లేకుండా వచ్చారేంటి! కోడలు పిల్లకి పులుసు వండాలంటే ఈ జెల్లలేం సరిపోతాయి? యోబూ, సూర్రావు వల దగ్గరికెళ్ళి ఒక కొర్రమీను పట్రా. పెద్దది తే, బొమ్మ లాంటిది తేకు."

ఆయన పంచె ఎగ్గట్టుకుని సూర్రావు వెంట వెళ్ళారు. గట్టు మలుపు తిరిగేదాకా చూసి, నేను సంచిలోంచి పట్టుగుడ్డ మూట తీశాను.

నా ఉద్దేశం కాగితాలు చూపించాలని. ఆవిడ కాగితాల దాకా రానేలేదు. చూపు గుడ్డ మీదే ఆగిపోయింది. చేతిలో జెల్ల జారి బూడిదలో పడింది.

"ఇది నీకెక్కడిదే అమ్మాయ్?"

"పెళ్ళి రోజున ఒకావిడ ఇచ్చారండీ, గుడి గేటు దగ్గర. మీరు లోపల వంటల దగ్గరున్నారు."

"ఏమంది?"

"మీ అత్తగారి చేతికియ్యి అన్నారండీ. నాకు అత్తగారు లేరన్నాను."

హన్నమ్మగారు నా వంక చూడకుండానే అడిగింది. "లోపల ఏముంది?"

"తవుడండీ. గుప్పెడు."

"అదేదీ?"

"మా ఇంటావిడ కోళ్ళకి వేశానండీ" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. అరవలేదు. గోడకి చేరబడి కూర్చుని పొలుసుల చేతులతోనే మొహం కప్పుకుంది. "కోళ్ళకా" అంది. "పాతికేళ్ళు ఆగి ఆగి పంపింది. కోళ్ళు తినేశాయి."

పంపినావిడ ఎవరో, ఎందుకు పంపిందో నాకు తెలియదు. నా బుర్రలో ఉన్నది ఒకే ప్రశ్న. ముందు రోజు నుంచి ఎన్ని రకాలుగా కూర్చుకున్నానో, అన్నీ మర్చిపోయి నేరుగా అడిగేశాను. ఖననం కాగితం చదివాను. తర్వాత పుట్టుకల జాబితాలో ఐదో లైను చదివాను. "అత్తయ్యగారూ, ఆయన మీ కొడుకేనాండీ? వాళ్ళ బిడ్డ పోతే మీ బిడ్డకి ఆ పేరు పెట్టారా?"

హన్నమ్మగారు చేతులు తీసి నన్ను చూసింది. కళ్ళ కింద రెండు పొలుసులు మెరుస్తున్నాయి.

"చదువుకున్నదానివి, కాగితం ఎంత చెప్పిందో అంతే చూశావు. వాడు నా కొడుకు కాదమ్మా. నేను కొనుక్కున్న బిడ్డ."

*

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో లేచి పొయ్యిలో పుల్ల తోయడం, కాకిని అదిలించడం తప్ప ఆగలేదు.

"రత్నానికి ముందు ఇద్దరు పుట్టారు. పెద్దది ఆడపిల్ల, పురిట్లోనే పోయింది. రెండోవాడికి యోబు అని పేరు పెట్టారు. నీ కాగితంలో ఉన్నది వాడే. నాలుగు నెలలు ఉన్నాడు. బంగారు బొమ్మ. తెల్లారేసరికి కట్టెపేడై ఉన్నాడు. పటాలం దొరసానికి ఏం తెలుస్తుంది, జ్వరం అంది. మనకి తెలుసు కదా, వెంటబడి తీసుకుపోతున్నారని. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు రత్నం నా కాళ్ళ మీద పడింది. అక్కా, ఈసారి పుట్టేది నాది కాదు, నీది, కొనుక్కో అంది."

"కొనుక్కోవడమేంటండీ?"

"మీ పట్నంలో మానేశారేమో. బిడ్డలు నిలవకపోతే, పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద ఈడ్చి, పక్కింటిదానికి తవుడుకి అమ్మేస్తారు. తల్లి దగ్గరే ఉంటుంది, తల్లే పాలిస్తుంది. కానీ బిడ్డ తనది కాదు, కొన్నదానిది. ముక్కు కుట్టిస్తారు, గుర్తుకి. ఏడాది తిరిగాక తల్లి అదే తవుడు తిరిగిచ్చి బిడ్డని తెచ్చుకుంటుంది. అప్పుడు గాని నా బిడ్డ అని నోరారా అనకూడదు."

నా వేలు నాకు తెలియకుండానే నా ముక్కు మీదికి వెళ్ళింది. ఆ మిరియపు గింజంత మచ్చ! ముక్కుపుడక పెట్టనా అని నేను ఆడుకున్నది దాంతోనా?

"మేం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం. పాదిరిగారికి తెలిస్తే సంఘంలోంచి వెలేసేవారు. అందుకని లైన్ల వెనక గుట్టుగా చేశాం. నేను ఇదిగో ఈ పట్టుగుడ్డలో గుప్పెడు తవుడు కట్టి రత్నానికిచ్చాను. బర్మావాళ్ళ దగ్గర నా పెళ్ళి రోజుకి కొన్న గుడ్డ ఇది. కొన్నదాన్ని కాబట్టి పేరు పెట్టే హక్కు నాది. యోబు అనే పెట్టాను."

"పోయిన బిడ్డ పేరు మళ్ళీ ఎలా పెట్టారండీ? నాకైతే భయమేస్తుంది."

"భయమేసే పెట్టాను. పైనున్న లెక్కలో ఆ పేరు ఒకసారి కొట్టేసి ఉంది కదా? కొట్టేసిన పేరు కోసం మళ్ళీ ఎవరొస్తారు?"

కాలేజీలో నేను లాజిక్కు చదువుకున్నాను. అందులో ఈ లెక్క లేదు. బయట నీటి మీద ఎండ మబ్బు పట్టి ఆరిపోయింది. పాకలో కూర్చున్నది ఇద్దరమే అయినా, నాలుగు నెలల పసివాడొకడు మా మధ్య పడుకుని తన పేరు ఎవరికిచ్చారా అని వింటున్నట్టనిపించింది.

"మూడో రోజున లైన్ల గుమాస్తా రిజిష్టరు పట్టుకుని వచ్చాడు. అరవ మనిషి. ఈ బిడ్డ తల్లెవరు అన్నాడు. రత్నం నా వంక చూసింది. నాది అంటే బేరం చెడుతుంది. దేవుడూ వింటాడు, ఇంకేవో కూడా వింటాయి. నాదే అన్నాను. తండ్రెవరు అంటే మావారి పేరు చెప్పాను. రాసుకుని పోయాడు. అది కాగితమని, పాతికేళ్ళ తర్వాత పనికొస్తుందని మాకెవరికి తెలుసు? మాకు తెలిసిందల్లా పిల్లాడు ఊపిరి పీలుస్తున్నాడని!"

నాలుగు ఉత్తరాలకి ఎందుకు "కనబడలేదు" అన్నారో అప్పుడు తెలిసింది. మేం వెతికిన ఇంట్లో ఆయన పుట్టలేదు. పక్క గదిలో పుట్టినట్టు రాశారు.

"మరి రత్నమ్మగారు తిరిగి కొనుక్కునేలోపే పోయారాండీ?"

హన్నమ్మగారు కత్తిపీట పక్కకి జరిపింది.

"పదకొండో నెల. బిడ్డ గోడ పట్టుకుని నిలబడ్డాడు. చూసి ఉండబట్టలేక రత్నం కేక పెట్టేసింది. 'ఏవండోయ్, నా కొడుకు నిలబడ్డాడు చూడండి!' అని లైన్లన్నీ వినేట్టు అరిచింది. నేను వెళ్ళి నోరు మూశాను. మూడో రోజు ఎలీయాజరుకి జ్వరం. ఆరో రోజు పోయాడు. బిడ్డని వదిలేసి మొగుణ్ణి పట్టుకుపోయారు అంది రత్నం. ఇంక ఈ జన్మలో వాణ్ణి నాది అనను అంది. నేనూ పోయానని చెప్పక్కా, అప్పుడు ఎవరూ వెతుక్కుంటూ రారు అంది."

"అంటే..."

"అందరం ఒకే ఓడలో కాకినాడలో దిగాం. బిడ్డ నా ఒళ్ళో. ఆవిడ ఓడ రెండో కొసన, మొహం గోడకి తిప్పుకుని. నాలుగు రోజులు అలాగే. వాడేడుస్తుంటే పాలొచ్చి రవిక తడిసిపోయేది, అయినా తిరగలేదు."

తల్లి జ్వరంతో పోయిందని ఆయన ప్రతి రోజూ భోజనానికి ముందు ప్రార్థనలో తలుచుకుంటారు. నేను పక్కన కూర్చుని ఆమెన్ అంటాను.

"బతికున్నారాండీ?"

"తాడేపల్లిగూడెంలో. స్టేషను అవతల రైసు మిల్లులో తవుడు చెరుగుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. ఇంకే పనికీ పోలేదు."

ఆ జుట్టు మీది బూడిదరంగు దుమ్ము ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"మొదట్లో ఆవిడ చెప్పమంది కాబట్టి చెప్పాను, చచ్చిపోయిందని" అంది హన్నమ్మగారు. గొంతు తగ్గింది. "తర్వాత తర్వాత నాకే తీపైంది. వాడు పెద్దమ్మా అని పిలిస్తే, ఆ పెద్ద అనే ముక్క తీసేస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో! మావారు ఒప్పుకోలేదు. తల్లి భయం కొద్దీ ఇచ్చింది, తండ్రి పేరు నువ్వు దొంగిలించకు అన్నారు. అందుకే బాప్తిస్మంలో ఎలీయాజరు కొడుకనే చెప్పాం. ఆవిడ మాత్రం ఎప్పుడూ అడగలేదు. మీ పెళ్ళి రోజుకి ధైర్యం చేసింది. వాడి పక్కకి నువ్వొచ్చావు కదా, ఇంక వాడికి భయం లేదనుకుని ఉంటుంది. తవుడు తిరిగి పంపింది. నా బిడ్డని నాకియ్యక్కా అని దాని అర్థం."

"నేను కోళ్ళకి వేశాను."

"మూడు నెలలు! నేను ఇవ్వనన్నాననుకుని ఉంటుంది."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే కాగితాలు మడతపెట్టాను. ఎంత ఏడుస్తున్నా మంగళవారం ఐదు గంటలు నా తలలోంచి పోలేదు. ముక్కు తుడుచుకుని అడిగాను. "అత్తయ్యగారూ, పుట్టిన తేదీ దొరికింది కదండీ. తండ్రి పేరే తేడా. మీరు సోమవారం మేజిస్ట్రేటుగారి ముందుకొచ్చి, ఆయన నా కొడుకే, ఎలీయాజరుగారు పెంచుకున్నారు అని ప్రమాణం చేస్తే?"

చెప్పేశాక నాకే సిగ్గేసింది. ఆవిడకి కోపం మాత్రం రాలేదు.

"ఒకసారి గుమాస్తాకి అబద్ధం చెప్పాను, బిడ్డ బతకాలని. బైబిలు మీద చెయ్యి పెట్టి రెండోసారి చెప్పలేనమ్మా. వాడు నాది కాదని చెప్పమంటే చెప్తాను. గుమాస్తా తప్పు రాశాడని చెప్తాను. కానీ నాది కాదని నేనంటే సరిపోదు కదా? నాది అనేవాళ్ళొకరు కావాలి."

నాది అనే మాట నోటితో అంటే కొడుకు పోతాడని నమ్మి, ఇరవై నాలుగేళ్ళు తవుడు చెరుగుతూ నోరు మూసుకున్న మనిషి. ఆ మాటే ఇప్పుడు ఆవిడ మేజిస్ట్రేటు ముందు, పదిమంది వినేట్టు అనాలి.

*

గట్టు మీద ఈల వినిపించింది. ఆయనది. కీర్తన ఈల వేస్తే తప్పని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా మానరు. కళ్ళు తుడుచుకుని లేచాను. హన్నమ్మగారు కొంగుతో నా చెంప మీది పొలుసొకటి తీసింది. అది ఆవిడ చేతిలోంచి నాకెప్పుడు అంటుకుందో!

ఆయన మోచేయంత కొర్రమీను పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురద. "పెద్దమ్మా, ఇది బొమ్మ కాదు, బొమ్మ తాతగారు!" అన్నారు. మా మొహాలు చూసి చేప దించేశారు. "ఏంటి, అత్తా కోడళ్ళిద్దరూ ఏడ్చారా? మూడు నెలలకే?"

"కడుక్కుని రా" అంది హన్నమ్మగారు.

"ముందు సంగతేంటో చెప్పు."

"రేపు ఆరాధనకి నేను రానని సూర్రావు చేత పాస్టరుగారికి కబురు పెట్టు."

ఆయన నవ్వు ఆగింది. జ్వరం వచ్చినా, వరద వచ్చినా ఆదివారం మానని మనిషి ఆవిడ. "ఎక్కడికెళ్తున్నావు?"

"నువ్వూ వస్తున్నావు. నీ పెళ్ళాం వస్తుంది. నిన్ను కొన్నచోట తిరిగి అప్పజెప్పాలి."

"నన్ను కొన్నావా?" ఆయన నా వంక చూసి కన్ను గీటారు. పెద్దావిడ ఏదో ఆట పట్టిస్తోందనుకున్నారు. "ఇన్నాళ్ళూ చెప్పలేదే! ఎంతకి కొన్నావేంటి?"

హన్నమ్మగారు గేదె కుడితి కోసం మూల పెట్టిన కుండలో చెయ్యి పెట్టింది. బయటికి తీసి, ఆయన తడి అరచేతిని తన ఎడమ చేత్తో పట్టుకుని, పిడికిలి అందులో విప్పింది.

"ఇంతకి."

ఆయన అరచేతిలోని తవుడు చూశారు. నవ్వుతూనే చూశారు. తర్వాత నవ్వు మెల్లగా పోయింది. రెండో చెయ్యి పైకి వెళ్ళి ముక్కు కుడివైపున ఆగింది. లంకలో పెరిగినవాడు కదా, ఆయనకి నాలాగా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఎవరు అమ్మారు?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పెద్దమ్మా, అమ్మినావిడ పోయిందన్నావు కదా?"

హన్నమ్మగారు నా చేతిలోంచి పట్టుగుడ్డ తీసుకుని, ఆయన అరచేతి కింద పరిచి, ఒక్క రవ్వ కింద పడకుండా ఆ తవుడంతా అందులోకి దులిపి ముడి వేసింది. ఆ ముడి నా చేతిలో పెట్టింది.

"ఈసారి కోళ్ళకి వెయ్యకు. ఈ పూట ఏలూరులో మీ ఇంట్లోనే ఉంటాను. పొద్దున్న ఏడున్నర పాసింజరుకి ముగ్గురం గూడెం వెళ్తున్నాం. రేపు మిల్లుకి సెలవు, ఇంట్లోనే ఉంటుంది. నన్ను చూస్తే తలుపేసుకుంటుంది. వీణ్ణి చూస్తే అసలు తియ్యనే తియ్యదు. నువ్వు వెళ్ళి కొట్టాలమ్మాయ్."